తెల్లగా వదిలేసిన నాలుక

ఫోషాన్, అద్దకం మిల్లు వసతి గది
1988, తొమ్మిదో నెల, నాలుగో తేదీ

నాన్నకు దెమావ్ నమస్కరించి రాసేది.

నేనిక్కడ బాగున్నాను. నువ్వూ, మేజెన్ అక్కా అక్కడ బాగున్నారని తలుస్తానని రాయడం పద్ధతి. కానీ నీ ఉత్తరంతో పాటు అక్క పెట్టిన కాగితం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి సాగడం లేదు. నువ్వు గుమ్మం మీది వైద్యం బోర్డు దించేశావట. ముత్తాత కాలం నుంచి వేలాడుతున్న చెక్క అది. మందుల సొరుగుల్లో మొక్కజొన్న విత్తనాలు పోశావట. రేవు దగ్గరి ముసలామె మనవరాలికి దగ్గని వస్తే, "ఆసుపత్రికి తీసుకుపో తల్లీ, నా చెయ్యి చెడిపోయింది" అన్నావట. చదవగానే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. కాగితం నలిపి మూల పడేసి, మళ్లీ తీసి సాపు చేసుకుని చదివాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు చెబుతాను. నువ్వు రాసిందే మూడు ముక్కలు. అంత కోపంగా రాసిన కొడుక్కి అంత చిన్న ఉత్తరం ఎవరైనా రాస్తారా? తిట్టి ఉంటే బాగుండేది.

వాపు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. అప్పుడు బాతుగుడ్డంత ఉండేది, ఇప్పుడు ఖర్జూరమంత ఉంది. అన్నం తింటున్నావా అన్నావు. తింటున్నాను, మిరపకాయ లేకుండా. మన కొండల్లో పుట్టినవాడికి అది అన్నమే కాదు, అయినా మింగుతున్నాను. మిగిలిన మందు పొట్లాలు నిజంగానే పారేశావా అన్నావు. కాలవలో పారేశానని పోయిన ఉత్తరంలో రాశాను కదా, అది అబద్ధం. రెండూ నా పెట్టెలోనే ఉన్నాయి. ఆ పొట్లాల్లో ఉన్న లిచీ పండ్ల గింజలు నావే. ప్రతి వేసవిలో గదిలో అందరూ తిని ఉమ్మేసినవి ఏరి, కడిగి, డాబా మీద ఎండబెట్టి నీకు పంపుతాను. నువ్వు వాటిని వేయించి, దంచి, సోంపూ దాల్చినచెక్కా కలిపి నాకే పంపావు. వాటిని ఎలా పారేస్తాను?

అసలు జరిగిందంతా వరుసగా రాస్తాను. నీకు సగమే తెలుసు.

అయిదో నెల చివర్లో ఎడమ గజ్జలో నొప్పి మొదలైంది. రెండు రోజులకు కింద ఒక వైపు వాచింది. పక్క మంచం పాంగ్ నా నడక చూసి, "ఏరా, అన్నదమ్ములిద్దర్లో ఒకడికే తిండి పెడుతున్నావా ఏంటి?" అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. రాత్రికి తలగడ కొరుక్కుని పడుకున్నాను. మిల్లు డాక్టరు దగ్గరికి పోతే ఆమె ఆడమనిషి. బట్టలు విప్పే ధైర్యం లేక నీకు రాశాను.

నువ్వు పది ప్రశ్నలు రాసి పంపావు. నాడి పట్టలేనంత దూరంలో ఉన్నావు కాబట్టి నీ మాటే నాకు నాడి అన్నావు. చలి వేస్తోందా, కాక తగులుతోందా? ముట్టుకుంటే ఎలా ఉంది? మూత్రం ఏ రంగు? పైగా కాగితం మీద నాలుక బొమ్మ గీసి, పొద్దున్నే అద్దంలో చూసి పూత ఏ రంగులో ఉందో దిద్దమన్నావు. దిద్ది పంపాను. నీ మందు పొట్లాలు, చీటీతో పాటు వచ్చాయి. కాచి తాగాను.

నాలుగో రోజుకు నిప్పు. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి. ఆరో రోజు రంగు తొట్టి దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. పాంగ్ వీపున వేసుకుని ఆసుపత్రికి మోశాడు, దారంతా తిడుతూనే. "పెళ్లికాని మొద్దువి, నీకేమైనా అయితే మీ నాన్నకి నేనేం చెప్పాలిరా!" అక్కడి కుర్రడాక్టరు సూదులు పొడిచి, "ఇది క్రిమి. చలీ లేదు, వేడీ లేదు. ఆ కషాయాలు ఆపు" అన్నాడు. ఆ మంచం మీద పడుకునే నీకు ఆ ఉత్తరం రాశాను. "నీ మందు నా ఒంట్లో నిప్పు పెట్టింది, ఇంకెవరినీ చంపకు" అని. నువ్వు చదివింది అదే. చదివాకే బోర్డు దించావు.

ఆసుపత్రి నుంచి గదికొచ్చాక కూడా వాపు పూర్తిగా పోలేదు. పాంగ్ నన్ను చేపల సందులో ఔ తాత దగ్గరికి లాక్కుపోయాడు. ఆయనకు నీ కన్నా పదేళ్లు ఎక్కువ ఉంటాయి. కళ్లజోడుకు దారం కట్టుకుంటాడు. నాడి పట్టాడు, నాలుక చూశాడు, కింద కూడా చూశాడు. తర్వాత నీ చీటీ అడిగి, దీపానికి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఎవరు రాశారు?"

"మా నాన్న. ఆయన వల్లే ఈ గతి" అన్నాను.

"నోర్ముయ్. ఇంత పొందికైన చీటీ చూసి చాన్నాళ్లయింది. గజ్జల్లో చలి దిగినవాడికి ఇంతకంటే మంచి మందు నేను రాయలేను. చీటీలో తప్పు లేదబ్బాయ్. చీటీ వేరేవాడిది. నీది వేడి. తేమతో కలిసిన వేడి. మీ నాన్న అడగలేదా?"

"అడిగాడు."

"మరి నువ్వేం చెప్పావు?"

పాంగ్ నా మొహం చూశాడు. ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

నాన్నా, ఇప్పుడు చెబుతున్నాను. అబద్ధం చెప్పాను. ముట్టుకుంటే చల్లగా, రాయిలా ఉందని రాశాను. అప్పటికే అది కాలుతోంది. మూత్రం నీళ్లలా ఉందని రాశాను. ముదురు టీ రంగులో ఉండేది. నాలుక మీద పసుపు పూత మందంగా ఉంది. నా చుట్టూ తొట్ల నిండా రంగులే, ఒక చుక్క పసుపు అద్దితే సరిపోయేది. బొమ్మ తెల్లగా వదిలేసి పంపాను.

ఎందుకంటే కారణం నువ్వే. అవును, కొంత నువ్వే. నాకు తొమ్మిదేళ్లప్పుడు పడవ నడిపే లువో ఇదే బాధతో వచ్చాడు. నేను రోకలి పట్టుకుని మూల కూర్చున్నాను. వీధిలో జనం వింటుండగా అన్నావు: "వరిమడి నీళ్లలో నిలబడి కష్టపడేవాడికి చలి దిగుతుంది. తాగి, ఎక్కడపడితే అక్కడ పడుకునేవాడికి వేడి పుడుతుంది. నీది వేడి." లువో తల దించుకుని పోయాడు. పిల్లలం నెలరోజులు అతని వెనక "వేడి లువో, వేడి లువో" అని అరిచాం. నీ ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుంటే నాకు ఆ తల కనిపించింది. నేను ఎక్కడికీ పోలేదు నాన్నా. శనివారం బీరు తాగుతాను, అంతే. కానీ వేడి అని రాస్తే ఆ మాట నువ్వు నమ్ముతావా? మడి నీళ్లలో కష్టపడే కొడుకుననే అనిపించుకోవాలనుకున్నాను.

ఇదే ఔ తాతకు చెప్పాను, పాంగ్ ముందే. ఆయన పడీపడీ నవ్వాడు. "ఎక్కడ పనిచేస్తావు?"

"అద్దకం మిల్లు. ఆవిరి గది."

"రోజుకెన్ని గంటలు?"

"పన్నెండు."

"పన్నెండు గంటలు ఆవిరి కుడుములా ఉడుకుతున్నావు, నీకు వేడి పట్టడానికి వేరే ఆడది కావాలా మొద్దూ! మా నాన్న కూడా మీ నాన్న చెప్పిందే చెప్పేవాడు. వాళ్ల కాలంలో ఆవిరి గదులు లేవు, పాపం."

పాంగ్ కూడా ఆవిరి గదే. గదికొచ్చే దారిలో ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

ఆయన రాసిన కషాయం చేదు. నీ చేతి చేదుకు అలవాటుపడ్డ నాకే కన్నీళ్లు వచ్చాయి. పది రోజుల్లో తగ్గింది. సూదుల వల్లో, చేదు వల్లో, ఊరికే సమయం గడిచో నాకు తెలియదు. కుర్రడాక్టరు క్రిమి అంటాడు, ముసలాయన ఆవిరి అంటాడు, నువ్వు నడవడి అన్నావు. ముగ్గురూ ఒక్క అంగుళం చోటు గురించే మాట్లాడుతున్నారు. ఎవరి మాట పట్టుకోవాలో తోచడం లేదు. మిల్లు మీద కోప్పడాలా, నీ మీదా, నా మీదా? ఒక్కో పొద్దున ఒక్కొక్కరి మీద వస్తోంది. ఒక్కటి మాత్రం నిలకడగా తెలుసు. నీ చెయ్యి చెడలేదు. నా చెయ్యి చెడ్డ రాత రాసింది.

ఈ కవరులో రెండు ఉన్నాయి. ఒకటి నాలుక బొమ్మ. నువ్వు గీసినట్టే గీశాను, వంకర పోయింది. అప్పుడు అద్దంలో కనిపించినట్టే రంగు వేశాను. అంచులు ఎరుపు, నడుమ పసుపు. మిల్లు రంగే, నీళ్లు తగిలినా పోదు. వెనకవైపు నీ పది ప్రశ్నలకు పది నిజాలు రాశాను. రెండోది జిగురు అంటించిన చిన్న కవరు. అందులో ఔ తాత చీటీ ఉంది. అక్కా, అది నీ దగ్గర పెట్టుకో, నాన్నకు ఇవ్వకు. నాన్నా, ముందు నువ్వు ఈ నాలుక చూసి చీటీ రాయి. తర్వాత ఇద్దరూ కలిసి కవరు విప్పి పోల్చండి.

సరిపోతే బోర్డు ఎక్కించు. సరిపోకపోయినా ఎక్కించు. మొక్కజొన్న విత్తనాలకు గోనెసంచి చాలదా? ఈసారి వేసవిలో ఏరిన గింజలు రెండు శేర్లు పైనే ఉన్నాయి, వేరే పార్సిల్ చేశాను. సొరుగు ఖాళీ చేసి ఉంచు.

లువో ఇంకా పడవ నడుపుతున్నాడా? కనబడితే నా తరఫున ఒక గిన్నె టీ పొయ్యి. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో నువ్వే చూసుకో.

ఇట్లు,
నాడికి బదులు అబద్ధం చేతికిచ్చిన
నీ కొడుకు
దెమావ్