పాలబిడ్డల గది

నంద్యాల
ఆగస్టు 1957

నా బంగారు అమ్మకు,

నువ్వు ఆళ్లగడ్డ బస్సులో పంపిన వేరుశనగ ఉండలు అందాయి. నాకు ఏడో నెల. కాళ్లకు కొంచెం నీరు పడుతోంది, అంతే. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నీకు రాస్తున్నాను. బాలవాడి పంతులమ్మ పని మానేయాలనుకుంటున్నాను.

మోషే నన్ను బలవంతపెట్టలేదు. అన్నం తింటూ ఒక్క మాట అడిగాడు: "ఊరి బిడ్డలను ఎత్తుకునేకి నువ్వు పోతే, మన బిడ్డను ఎవరెత్తుకుంటారు?" సర్కారు బాలవాడిలో మూడేళ్లు నిండిన పిల్లలనే చేర్చుకుంటారు. పాలబిడ్డకు అక్కడ చోటు లేదు. నువ్వు కలుపు తీస్తూ నన్ను చేనిగట్టున గోనెపట్టా మీద పడుకోబెట్టేదానివి. నీకు వేరే దారి లేదని తెలుసు. కానీ నా బిడ్డను అట్లా వదలడానికి మనసొప్పడం లేదు.

మా వీధి రంగమ్మ పత్తి మిల్లులో పని చేస్తుంది. ఆమె కొడుకు బాలవాడిలో నా దగ్గర ఆడుకుంటాడు. చంటికూతురు మాత్రం మిల్లు గోడ పక్కన, దుమ్ములో పడుకుంటుంది. పాలివ్వడానికి మాటిమాటికీ లేస్తుందని ఆమెను మిషను దగ్గర నిలబెట్టరు. పత్తిలో చెత్త ఏరే పనే ఇస్తారు. దానికి మగవాళ్ల కూలిలో సగమే. అయినా ఆమె ముఖంలో దిగులు చూడలేదు నేను. నాకంత ధైర్యం లేదమ్మా. ఎన్ని ఆశలతో చదివించావు! నన్ను తప్పుపట్టొద్దు.

నీ కూతురు,
దెబోరా

నంద్యాల
మార్చి 1958

అమ్మా,

నీ మనవరాలు రూతు బొద్దుగా ఉంది. కాన్పుకు నీ దగ్గరికి వచ్చినప్పుడు చెబుదామనుకుని, పని తేలేదాకా ఆగాను. నేను మానలేదమ్మా.

మానేస్తానని చెప్పగానే రంగమ్మ నా మీద లేచింది. "నీ బిడ్డకు చోటు లేకుంటే చోటు అడగాల గాని, ఇంటికి పోతావా? నువ్వు పోతే మా బిడ్డలంతా మళ్లా దుమ్ములోకే కదా!" అంది. బాలవాడి కమిటీ పెద్ద ఉమామహేశ్వరమ్మగారు తనిఖీకి వచ్చిన రోజు, మిల్లు ఆడవాళ్లంతా అన్నాల వేళ చంటిబిడ్డలను చంకనేసుకుని వచ్చారు. నేను తలుపు పక్కనే నిలబడిపోయాను.

"అమ్మా, కాలవ తవ్వేకి సర్కారు కాడ దుడ్లుండాయి. చేనికి నీళ్లు గావాల, సరే. పనికి పోయే ఆడదాని బిడ్డకు ఒక నీడ గావద్దా? చెత్త ఏరం మేం, మిషను కాడ నిలబడతాం. బిడ్డను యాడ పెట్టాల్నో అది చెప్పండి" అంది రంగమ్మ.

ఉమామహేశ్వరమ్మగారు ఆమె చంకలోని పాపను తీసుకుని, జుట్టుకు అంటిన దూదిపింజలు ఒక్కొక్కటే తీశారు. "ఇన్నాళ్లూ ఇది నాకు తట్టలేదు. పైకి రాస్తాను. కాదంటే మళ్లీ రాస్తాను" అన్నారు. పైవాళ్లు మొదట కాదన్నారు. ఆమె అన్నమాట ప్రకారం మళ్లీ రాశారు. ఈ నెల పక్క గదికి బాడుగ, ఉయ్యాలలు, ఒక ఆయా మంజూరయ్యాయి.

గది తెరిచిన మర్నాడే రంగమ్మ మిల్లు మేస్త్రీ ముందు నిలబడింది. "ఇంక బిడ్డ సాకు లేదన్నా. మిషను కాడ పెట్టు, మగోళ్ల కూలే ఇయ్యి" అందట. పత్తి వచ్చిపడుతున్న రోజులు, చేతులు చాలడం లేదు. పెట్టాడు. కూలి కూడా సమంగా ఇచ్చాడు. ఇప్పుడు ఇంకో ఇద్దరు తల్లులు అదే అడుగుతున్నారు. ఆమెను చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

నిన్న నేను బాలవాడి పిల్లల కోసం ఇంటి నుంచి ముందే పోవాల్సి వచ్చింది. రైల్వే డ్యూటీ దిగిన మోషే రూతును భుజాన వేసుకుని, బజారు మధ్యగా బాలవాడికి నడిచొచ్చాడు. బాలవాడి ఎదుట టీ అంగడి దగ్గర ఎవరో నవ్వారు. "ఏందప్పా మోషే, ఆడోళ్ల పని చేస్తాండావ్?"

"నా బిడ్డప్పా" అన్నాడు మోషే. ఆగలేదు, తల దించలేదు. పాలబిడ్డల గదిలోకొచ్చి రూతును ఉయ్యాలలో వేసి, నావైపు తిరిగి, "పిల్లోళ్లు ఎదురుచూస్తాండారు, పో" అన్నాడు.

నీ కూతురు,
దెబోరా పంతులమ్మ