ఒకవైపు పదును

జులై 6, ఆదివారం

ఈ రోజు నుంచి మా ఇంట్లో కత్తుల బాధ్యత నాది.

కారణం మా ఆవిడ సుగుణ మోకాలు. ఇక మీద నేల మీద కూర్చోవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. సుగుణకి కూరగాయలు కోయడమంటే కత్తిపీట వాల్చి, దాని మీద కాలు మడిచి కూర్చోవడమే. పెళ్లయి పద్ధెనిమిదేళ్లయినా ఆ పద్ధతి మారలేదు. అందుకని నిన్న కత్తిపీటని అటకెక్కించాను. గట్టు దగ్గర నిలబడి కోసుకోవడానికి ఆన్‌లైన్‌లో కత్తి తెప్పించాను. మామూలు కత్తి కాదు, జపాన్ రకం. ఒక వైపు పూర్తిగా చదును. రెండో వైపు మాత్రమే వాలు. పదునంతా ఆ వాలులోనే. దాంతో పాటు, నీళ్లలో నానబెట్టి వాడే సానరాయి కూడా వచ్చింది.

"దీనికి సాన ఎవరు పడతారండీ?" అంది సుగుణ.

"నేనే."

"మీరా?"

ఆ అన్న తీరు నాకు నచ్చలేదు. బందరు కోనేరు సెంటర్‌లో కళ్లజోళ్ల షాపు నాది. కళ్లద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడమే నా వృత్తి. ఇనుము అంతకంటే మొండిదా?

నిర్ణయం: ప్రతి ఆదివారం, టిఫిన్‌కి ముందే, కత్తికి సాన. మాట తప్పితే నా పేరు సుధాకర్ కాదు.

ఇవాళ్టి సాన పూర్తయింది. వాలు వైపు రాయికి ఆనించి నూరాను. చదును వైపు అంచున లేచిన సన్నటి గరుకుని ఒక్కసారి రాయికి తాకించి తీసేశాను. అంతా యూట్యూబ్ వీడియోలో ఒకాయన చెప్పినట్టే. కాగితం గాల్లో పట్టుకుని కోస్తే చప్పుడు లేకుండా రెండయింది.

సుగుణకి చూపించాను. అది కరెంటు బిల్లట.

జులై 7, సోమవారం

పదును తెలియాలంటే ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూడాలట. గీశాను. నున్నగా వచ్చింది. ఆ ఉత్సాహంలో మోచేతి దాకా వెళ్లాను.

షాపుకి వచ్చిన ఒక పెద్దాయన నా చెయ్యి చూసి, "ఏమన్నా ఆపరేషనా బాబూ?" అని అడిగారు. నా కొత్త కత్తి గురించి వివరంగా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసుకోకుండానే వెళ్లిపోయారు.

జులై 9, బుధవారం

"ఈ కత్తి పక్కకి పోతోందండీ," అంది సుగుణ.

బీరకాయ ముక్కలు చూపించింది. ప్రతి ముక్కా పైన మందం, కింద పలచన. నేను కత్తి తీసుకుని నాలుగు ముక్కలు కోశాను. నాలుగూ ఒకే మందం.

"చూశావా, కత్తిలో ఏమీ లేదు. నిటారుగా పట్టుకో."

"నిటారుగానే పట్టుకున్నాను."

"కొత్త కదా, అలవాటవుతుందిలే."

సుగుణ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనని రోజు పప్పులో ఉప్పు ఉండదు. ఇవాళ కూడా లేదు.

జులై 10, గురువారం

ఆలోచించాను. ఒక వైపే నూరుతున్నాను కాబట్టి కత్తి ఒక పక్కకే లాగుతోంది. రెండో వైపు కూడా నూరితే సరిపోతుంది.

చదును వైపు అలా నూరకూడదని వీడియోలో ఆయన చెప్పాడు. ఆయనకి మా ఇంటి బీరకాయల సంగతి తెలియదు.

సుగుణ తమ్ముడు హరీష్ చెన్నైలో జపాన్ భోజనం పెట్టే హోటల్లో వంట చేస్తాడు. అతన్ని అడగొచ్చు. కానీ బావమరిది దగ్గర పాఠం చెప్పించుకుంటే బావగా నా మర్యాద ఏం కావాలి?

రెండో వైపు కూడా నూరాను. చాలాసేపు నూరాను.

జులై 11, శుక్రవారం

టమాటా తెగలేదు. నలిగింది. గింజలు గోడ మీద పడ్డాయి, కొన్ని నా చొక్కా మీద పడ్డాయి.

ఇప్పుడు ఆ కత్తి సుగుణకే కాదు, నాకూ తెగడం లేదు.

మళ్లీ సాన పట్టాలి. ఇంతలో కరెంటు పోయింది. సానకి కరెంటు అక్కర్లేదు గానీ వెలుతురు కావాలి కదా. ఆదివారం చూద్దాం.

జులై 13, ఆదివారం

సాన పట్టలేదు. న్యాయమైన కారణమే ఉంది. మా పెద్దమ్మ మనవరాలికి మోపిదేవిలో చెవులు కుట్టించారు. మోకాలి వల్ల సుగుణ రాలేదు, నేను ఒక్కణ్ణే వెళ్లాను. పులిహోర బాగుంది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి సుగుణ వంటింట్లో నేల మీద ఉంది. ముందు కత్తిపీట. స్టూలెక్కి అటక మీద నుంచి తనే దింపుకుందట.

"ఆ మోకాలితో స్టూలెక్కావా?" గొంతు పెంచాను.

"కింద కూర్చుంటే మోకాలు నొప్పి. మీ కత్తితో కోస్తే ఒళ్లంతా మంట. మోకాలికైతే మందుంది."

"నీకు కోయడం రాక కత్తిని అంటావెందుకు?"

అనకుండా ఉండాల్సింది. అనేశాను. పద్ధెనిమిదేళ్లుగా ఆవిడ కోసినవి తిని, ఈ మాట అన్నాను.

సుగుణ లేవబోయి లేవలేకపోయింది. చెయ్యి అందించాను. పట్టుకోలేదు. గట్టు పట్టుకుని తనంతట తనే లేచింది.

జులై 15, మంగళవారం

మోకాలు బాగా వాచింది. డాక్టరు గారు వారం రోజులు మంచం దిగవద్దన్నారు. నా వైపు తిరిగి, "ఇంట్లో మీరేం సాయం చేస్తున్నారండీ?" అని అడిగారు. కత్తికి సాన పడుతున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

కూరలు కర్రీ పాయింట్ నుంచి తెస్తున్నాను. సుగుణ నాతో మాట్లాడుతోంది. మందుల గురించి, మంచినీళ్ల గురించి, వీధి తలుపు గురించి. అంతవరకే.

జులై 17, గురువారం

వాన. సానరాయి పెరట్లో తడుస్తోంది. ఎలాగూ దాన్ని నానబెట్టాల్సిందే కదా అని లోపలికి తీసుకురాలేదు.

జులై 19, శనివారం

కత్తిని పాత తువ్వాలులో చుట్టి బీరువా మీద పెట్టేశాను. ఇక సాన సంగతి మర్చిపోవాలని నిర్ణయించుకున్నాను. దీన్నయినా నిలబెట్టుకోవాలి.

జులై 20, ఆదివారం

అక్క కాలు ఎలా ఉందో కనుక్కోవడానికి హరీష్ ఫోన్ చేశాడు. మాటల్లో కత్తి సంగతి వచ్చింది. తప్పంతా కత్తిదే అన్నట్టు చెప్పాను.

"ఒక వైపే వాలున్న కత్తా బావా? దాన్ని ఎవరు వాడుతున్నారు?"

"మీ అక్కే."

"అక్కది ఎడమ చెయ్యి కదా బావా."

"అదేంటి? కుడి చేత్తోనే తింటుంది. కుడి చేత్తోనే రాస్తుంది."

"ఆ రెండూ మా నాయనమ్మ కొట్టి నేర్పింది. కోయడం, ఊడ్వడం అన్నీ ఎడమ చేత్తోనే. మీరు కొన్నది కుడిచేతి వాళ్ల కత్తి. ఎడమ చేత్తో పట్టుకుంటే వాలు తప్పు వైపుకి వస్తుంది, ముక్క పక్కకి పోతుంది. మా హోటల్లో ఎడమచేతి వాళ్లకి వేరే కత్తులుంటాయి. మీకు తెలియదా బావా?"

లైను సరిగ్గా లేదని పెట్టేశాను. లైను బాగానే ఉంది.

సాయంత్రం సుగుణ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"నీది ఎడమచేతి వాటమని నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పేదేముందండీ? రోజూ కనిపించేదే కదా."

"నేను చూడలేదు."

"తెలుసు." కోపం లేకుండానే అంది. "ఊళ్లో అందరి కళ్లూ మీరే చూడాలి. ఇంటికొచ్చేసరికి అలిసిపోతారు."

కాసేపటికి తనే చెప్పింది. పెడనలో చిన్నప్పుడు పలక మీద ఎడమ చేత్తో రాస్తే దెబ్బలు. ఆ చేత్తో అన్నం ముట్టుకుంటే దెబ్బలు. "కత్తిపీట దగ్గర మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. పనయితే చాలు వాళ్లకి. అందుకే నాకు అక్కడ కూర్చోవడం ఇష్టం."

"నీకు కోయడం రాదన్నాను," అన్నాను.

"అన్నారు."

"తప్పే."

"ఊఁ."

కాఫీ పెట్టి తెచ్చాను. ఒక గుక్క తాగి, పాలు పొంగకముందే దించేశారా అని అడిగింది. ప్రాణం లేచి వచ్చింది. వారం తర్వాత నన్ను మామూలుగా తప్పు పట్టింది.

జులై 23, బుధవారం

ఎడమచేతి వాళ్ల కత్తి ఒకటి వచ్చే నెల వచ్చినప్పుడు తెస్తానన్నాడు హరీష్. మరి బీరువా మీదున్నదాన్ని ఏం చేయాలని అడిగాను. నా మర్యాద గురించి ఆలోచించే స్థితి దాటిపోయింది. నేను నూరిన చదును వైపు ఫోటో తీసి పంపాను. చూసి, "అయ్యయ్యో బావా," అన్నాడు. ఓపిగ్గా వాలు వైపు నూరుకుంటూ పోతే మళ్లీ దారికి వస్తుందట.

నూరుతున్నాను. ఈసారి నా సొంత తెలివితో మార్పులేమీ చేయడం లేదు. హరీష్ చెప్పినట్టే.

జులై 27, ఆదివారం

కత్తి దారికి వచ్చింది. పూర్తిగా కాదు గానీ టమాటా తెగింది.

అప్పుడు ఒక సంగతి తట్టింది. ఆ కత్తి పట్టుకోవాల్సింది కుడి చెయ్యి. కూరగాయలకి పనికొచ్చే కుడి చెయ్యి ఈ ఇంట్లో నాది ఒక్కటే ఉంది.

సుగుణతో అన్నాను. తనకి మంగళవారమే తట్టిందట. నా అంతట నేను అంటానేమో చూద్దామని ఆగిందట.

వంటింట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కాలు స్టూలు మీద. నేను గట్టు దగ్గర ఆనపకాయతో.

"చెక్కు ముందు తీయాలండీ. ఆ, అలాగ. మధ్యలో దూది తీసేయండి. అంత కాదు. ముక్క పెద్దదయింది. ఇదేమో మరీ చిన్నది."

కాసేపటికి మాటలు ఆగాయి. తిరిగి చూస్తే, కుర్చీలోనే తల వాల్చి నిద్రపోతోంది. మాత్రల మత్తు. నేను వంట చేస్తూంటే ఆవిడ నిద్రపోవడం ఇదే మొదటిసారి. చెక్క మీద కత్తి చప్పుడు కాకుండా ఒక్కో ముక్కా మెల్లగా కోశాను. సగం ఆనపకాయకి చాలాసేపు పట్టింది.

లేచాక గిన్నె అడిగింది. ఎడమ చేత్తో ఒక ముక్క తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది. నేను ఆ చేతినే చూస్తున్నాను.

"ఉడుకుతాయిలెండి," అంది.

నిర్ణయం: రేపటి నుంచి రోజూ కూరగాయలు నేనే కోస్తాను. గోరుచిక్కుళ్లు తప్ప.