చలి దేశం, ఎండ దేశం

మార్చి 3, సోమవారం

రెండు ఆఫర్లూ ఒకే వారంలో వచ్చాయి. డయాలసిస్ టెక్నీషియన్‌గా నాకు చలి దేశంలో. లిఫ్టు మెకానిక్‌గా ఆయనకు ఎండ దేశంలో. ఏడేళ్ల కాపురంలో ఇద్దరికీ ఒకేసారి మంచి జరగడం ఇదే మొదలు. ఆ సంబరంలో పొయ్యి మీద పాలు మరిచిపోయాను. మాడిన గిన్నెను ఇద్దరం నవ్వుకుంటూ తోమాం.

మార్చి 5

క్యాలెండర్ వెనక స్కేలుతో నిలువుగా గీత కొట్టాం. అటు చలి దేశం, ఇటు ఎండ దేశం. చలి దేశంలో సగం జీతం అద్దెకే పోతుంది. కూరగాయల ధరలు ముట్టుకుంటే కాలతాయి. కానీ ఐదేళ్లుంటే ఉండిపోవచ్చు. ఎండ దేశంలో కంపెనీయే క్వార్టర్స్ ఇస్తుంది, పన్ను లేదు. రెండేళ్ల కాంట్రాక్టు అయిపోగానే పెట్టె సర్దుకోవాల్సిందే. సరిసమానంగా ఉందే అన్నాడు. ఆఖరి వరుసలో ‘రెండో మనిషికి ఉద్యోగం’ అని తనే రాశాడు. కనుక్కుని నింపుదామని ఖాళీ వదిలాం.

మార్చి 9, మధ్యాహ్నం

కనుక్కున్నాను. ఎండ దేశంలో భార్య వీసా మీద వెళితే నేను ఉద్యోగం చేయకూడదు. చలి దేశంలో ఆయన చేయొచ్చు గానీ సర్టిఫికెట్ చెల్లదు. అక్కడి లైసెన్సు వచ్చేదాకా, రెండేళ్లు, గోడౌన్‌లో పెట్టెలు మోయడమే.

మార్చి 10

రెండేళ్లు ఇంట్లో రెస్టు తీసుకో, నీకూ నడుం నొప్పేగా అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ రెండేళ్లేవో మీరే పెట్టెలు మోయండి అన్నాను. తింటున్న చెయ్యి ఆగిపోయింది. పదహారేళ్ల సర్వీసు నాది అన్నాడు. నాది పదకొండు. ఆ మాట పైకి అనలేదు. అనాల్సింది.

మార్చి 11

క్యాలెండర్‌ను గీత వైపు గోడకు తిప్పి తగిలించేశాను.

మార్చి 17

నాలుగో మెషిన్ తాతగారికి సూది గుచ్చుతుంటే, “నీ చెయ్యి ఇవాళ బరువుగా ఉందమ్మాయ్” అన్నారు. నా చేతి గురించి అలా ఎవరూ అనలేదు. మొత్తం చెప్పేశాను. ఆయన అద్దంలోంచి బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లావిడ వైపు చూశారు. ఆవిడ రావడం మానేస్తే నేనూ మానేస్తానమ్మా అన్నారు.

బస్సులోనే తేల్చుకున్నాను. ఉద్యోగం మానేసి ఎండ దేశానికి ఆయన వెంట వెళతాను.

తలుపు తీస్తూనే ఆయనే చెప్పాడు. సంతకం పెట్టి నాలుగు రోజులైందట. బ్యాచిలర్ క్వార్టర్స్ తీసుకున్నాడట. నీ ఉద్యోగానికి నేను అడ్డు రాకూడదు కదా అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. దాన్నే తట్టుకోలేకపోతున్నాను. నా మాట నోట్లోనే ఉండిపోయింది.

ఏప్రిల్ 2

ఎయిర్‌పోర్టులో, అక్కడి లిఫ్టులు అరవై అంతస్తులు ఎక్కుతాయట అన్నాడు. జాగ్రత్త అన్నాను. ఇంతే మాట్లాడుకున్నాం.

ఇంటికొచ్చి ఆయన వదిలేసిన చొక్కా ఉతికాను. గ్రీజు మరక పోలేదు. పోనందుకు సంతోషించాను.

జూన్ 19

చలి దేశం. డ్యూటీలో మొదటి రోజు. ఒక ఫారం నింపమన్నారు. ఎమర్జెన్సీ కాంటాక్ట్ అన్నచోట ఆయన నంబరు రాశాను. ఈ దేశంలో ఉన్నవాళ్లదే కావాలంది డెస్క్‌లో అమ్మాయి.

కొట్టేసి, నా నంబరే రాసిచ్చాను.