పడమటికి పోవడానికి తొమ్మిది స్లయిడ్లు

మార్చి 3, సోమవారం

సహస్ర స్కూల్ నుంచి వస్తూనే బ్యాగు సోఫాలోకి గిరాటేసింది. హిస్టరీ క్లాసులో డిబేటట. అమెరికా తూర్పు నుంచి పడమటికి జరుగుతూ అంత భూమీ కలుపుకోవడం న్యాయమేనా కాదా అని. చీటీలు తీస్తే దీనికి 'న్యాయమే' అనే పక్షం పడింది.

"నేను లిటరల్లీ అదర్ సైడ్ అమ్మా. ఇట్స్ నాట్ ఫెయిర్."

ఎనిమిదో తరగతి పిల్లకి న్యాయం మీద ఎంత పట్టింపో. ముద్దొచ్చింది. పైకి అంటే చంపేస్తుంది, అనలేదు.

మార్చి 4

ల్యాబ్‌లో ఈరోజు ఆరు బ్యాచ్‌లు. మాత్ర నీళ్ళలో ఎంతసేపటికి కరుగుతుందో చూడటం నా పని. అందరికీ విసుగు. నాకు కాదు. తొమ్మిదేళ్ళు ఎమ్మెస్సీ పట్టా బీరువాలో పెట్టుకుని ఉద్యోగం చేసే పర్మిట్ కోసం కూర్చున్నదాన్ని. పద్నాలుగు నెలలైంది చేరి. తెల్లకోటు మీద నా పేరు ఇప్పటికీ రోజూ ఒకసారి చూసుకుంటాను.

మార్చి 6, గురువారం

సహస్ర పుస్తకంలో ఒక బొమ్మ. తెల్లబట్టల్లో ఒకావిడ ఆకాశంలో పడమటికి తేలిపోతోంది — చేతిలో పుస్తకం, టెలిగ్రాఫ్ తీగ. వెనకాల బళ్ళు, రైళ్ళు, వెలుగు. ముందు మూల చీకట్లోకి పరుగెడుతున్న జనం, అడవిదున్నలు.

"లక్ష్మీదేవిలా ఉంది కదే" అన్నాను.

"అమ్మా, షి ఈజ్ ది ప్రాబ్లమ్."

సముద్రం దాకా ఈ నేలంతా మాదేనని దేవుడే రాసిపెట్టాడు అనుకున్నారట ఆ రోజుల్లో. దానికో పేరు కూడా, మానిఫెస్ట్ డెస్టినీ. మా ఆయన లాప్‌టాప్ మూసేసి మరీ వచ్చి కూర్చున్నారు దాని పక్కన. డిబేట్ అంటే చెవి కోసుకుంటారు. "మంచి రీజన్ ఒక్కటి చాలదు తల్లీ. నాలుగు రీజన్లు చెప్పు. వినేవాడు ఒకదాన్ని ఒప్పుకోకపోయినా ఇంకోదానికి తలూపుతాడు."

భలే అనుభవం ఉన్నట్టు చెప్పారు. ఎక్కడిదా అనుకున్నాను.

మార్చి 8, శనివారం

తెలిసింది ఎక్కడిదో.

పెసరట్లు వేయడం అయ్యాక "అందరూ కూర్చోండి, ఫ్యామిలీ మీటింగ్" అన్నారు. టీవీకి లాప్‌టాప్ కలిపారు. తొమ్మిది స్లయిడ్లు. పడమటి తీరాన సియాటిల్ ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ వస్తోందట, టీమ్ లీడ్‌గా. అక్కడ కొత్త కాలనీలో బిల్డర్ ఒక లాట్ పట్టి ఉంచాడట, మే కల్లా అందులో ఇల్లు కూడా పూర్తవుతుందట. కొండ కనిపిస్తుంది. గాలి మంచిది. మనవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. "ఈ ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో ఇంకెన్నాళ్ళు?" చెప్తుంటే ముఖం వెలిగిపోతోంది. కొత్త సైకిల్ చూపించే పిల్లాడిలా ఉన్నారు. ఎలా కోప్పడతాం.

ఆరో స్లయిడ్ పట్టిక. ఎవరికి ఏం లాభం. నాన్న: పెద్ద రోల్. సహస్ర: మంచి స్కూల్. అమ్మ: ఫ్లెక్సిబుల్.

అంతే. ఒక్క మాట.

"ప్రపోజల్ మాత్రమే, నువ్వేమంటావ్?" అన్నారు. నేను అల్లం చట్నీ ఇంకొంచెం వడ్డించాను.

మార్చి 9

గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు. ఒళ్ళంతా బరువు.

కోపంగా ఉంది. రాస్తే తగ్గుతుందని రాస్తున్నా. మంచి మనిషే. నా ఇంటర్వ్యూ రోజు తనే డ్రైవ్ చేసి, పార్కింగ్‌లో రెండు గంటలు అరటిపండ్లతో కూర్చున్నారు. బయటికి వచ్చి నేనేడిస్తే నాకంటే ముందు ఆయన ముక్కు తుడుచుకున్నారు. ఆ మనిషే ఫ్లెక్సిబుల్ అని రాశారు. నా ల్యాబ్ గుర్తు లేదా? ఉంది. లెక్కలోకి రాలేదు. అదే బాధ.

మార్చి 11, మంగళవారం

లంచ్ బ్రేక్‌లో ఫోన్. గుడి పంతులుగారు.

"అమ్మా, మీది రోహిణి అని రాసుకున్నాను. పాదం చెప్తే గృహప్రవేశం ముహూర్తం ఖాయం చేస్తాను. జూన్ మొదటి గురువారం, దివ్యంగా ఉంది."

"ఎవరి గృహప్రవేశమండీ?"

అటువైపు పంచాంగం పేజీలు తిరగేసిన చప్పుడు.

"అంటే... మన శ్రీకాంత్ గారు..."

"నాది రోహిణి కాదండీ, ఉత్తరాషాఢ."

"అయ్యో. అలాగైతే మళ్ళీ చూడాలమ్మా."

రోహిణి మా అత్తగారిది. పదిహేనేళ్ళ కాపురం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ ఆలు నక్షత్రం కూడా తప్పే.

మధ్యాహ్నం బీకరు కడుగుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. రెండూ నిజమే.

మార్చి 12

అడిగేశాను. అన్నం తింటుండగానే.

"ప్రపోజల్ అన్నారు. ముహూర్తం దాకా వెళ్ళారేం?"

"మూఢం వచ్చేస్తోంది. తర్వాత మంచి రోజులుండవు. పట్టి ఉంచితే పోయేదేముంది అని..." నీళ్ళు నమిలారు. "శనివారం నువ్వు కాదనలేదు కదా."

మౌనం అర్ధాంగీకారం అనుకున్నారన్నమాట. నాదీ తప్పుంది అందులో. చట్నీ వేయకుండా నోరు విప్పాల్సింది.

ఇంకా ఆపలేదు. "ఆలోచించు. ట్రాన్స్‌ఫర్ రావడం, లాట్ దొరకడం, గురువారం కుదరడం... అన్నీ వాటంతటవే కలిసొచ్చాయి. పైవాడే నడిపిస్తున్నట్టు లేదూ?"

సహస్ర తలెత్తింది. "నాన్నా, డిబేట్‌లో దట్స్ మై సెకండ్ పేరాగ్రాఫ్."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఈయన కూడా. ముగ్గురం నవ్వాం, పప్పన్నం చల్లారిపోయేదాకా. పడుకోబోయే ముందు గుర్తొచ్చింది, నేనడిగినదానికి జవాబు రాలేదని.

మార్చి 14, శుక్రవారం

డైనింగ్ టేబుల్ నిండా సహస్ర కాగితాలు. తండ్రిని ఇంటర్వ్యూ చేస్తోంది. "నాన్నా, వై వెస్ట్? ఇక్కడ ఏం బాలేదు?" ఆయన పాపం మనస్ఫూర్తిగా చెప్తున్నారు. అక్కడ చోటుంది, నీ భవిష్యత్తు కోసమే, నా కోసం కాదు. అది గబగబా రాసుకుంటోంది. పెన్ను ఆగింది ఒక్కసారి. "లాట్‌లో ముందు ఏముండేది?"

"ఏం లేదమ్మా, ఖాళీ. చెట్లే."

నా వైపు చూసింది. నేను కూరలోకి చూశాను.

మార్చి 16

పదే పదే అదే ఆలోచన. తప్పు పోలికేమో. ఆనాటి ఆదివాసుల ఊళ్ళు పోయాయి, ఒప్పందాలు రాసి చించేశారు, నడిపించి తరిమితే దారిలోనే ఎందరో పోయారు. నాది ఒక తెల్లకోటు. దానికీ దీనికీ పొంతనేమిటి. అసలు మనం మాత్రం? హైదరాబాద్ నుంచి ఇంత దూరం వచ్చి, ఈ నేల ఎవరిదని ఒక్కరోజైనా అడిగామా. సహస్ర చెప్తేనే తెలిసింది, మన అపార్ట్‌మెంట్ల కింది నేల ఒకప్పుడు లెనాపే తెగవాళ్ళదని.

అయినా మాటల వరస మాత్రం ఒకటే. మంచి జరుగుతుంది, పిల్లల కోసం, చోటు ఖాళీ, దేవుడు కుదిర్చాడు. నిజంగా నమ్మి చెప్తారు. అదే చిక్కు. అబద్ధమైతే పోట్లాడటం తేలిక.

మార్చి 18, మంగళవారం

డిబేట్. తల్లిదండ్రుల్ని పిలిచారు. ల్యాబ్ నుంచి గంట ముందే పర్మిషన్ తీసుకుని వెళ్ళాను. ఈయన ముందు వరసలో, వీడియో తీస్తూ.

సహస్ర వణకలేదు. జుట్టు వెనక్కి నెట్టుకుని మొదలుపెట్టింది. మేం లాక్కోవడం లేదు, పెంచుతున్నాం. ఇదంతా మా పిల్లల కోసం. అన్నీ కలిసొచ్చాయంటే దేవుడికి ఇష్టమనే కదా. అక్కడ చోటు ఖాళీ, చెట్లే... గొంతు, చేతులు తిప్పడం, అచ్చం తండ్రే. ఈయనకి ఉబ్బితబ్బిబ్బు. నవ్వుతూనే ఉన్నారు. 'ఇది నా లైనే' అన్నట్టు నా వైపు తిరిగి కనుబొమలెగరేశారు.

అవతలి పక్షం అమ్మాయి లేచి అడిగింది, అక్కడ ముందే ఉన్నవాళ్ళని అడిగారా అని.

సహస్ర తండ్రి ఫోన్ వైపు చూసింది. "దే ఆర్ ఫ్లెక్సిబుల్."

క్లాసంతా నవ్వింది. ఈయన ఫోన్ మెల్లగా కిందికి దించేశారు. వీడియో అక్కడితో ఆగిపోయింది.

ఓట్లలో సహస్రే గెలిచింది. కారిడార్‌లో వచ్చి నా భుజంలో ముఖం దాచుకుంది. "అందరూ నమ్మేశారమ్మా. ఐ హేట్ దట్ ఐ వన్." నా బంగారం. వీపు నిమిరాను.

ఇంటికొచ్చే దారంతా ఈయన రేడియో కూడా పెట్టలేదు.

మార్చి 19

ఉదయం కాఫీ ఆయనే కలిపారు. చక్కెర ఎక్కువైంది, తాగేశాను.

"పంతులుగారికి వద్దని చెప్పేశాను" అన్నారు. తర్వాత చాలాసేపు కప్పు తిప్పుతూ, "ల్యాబ్ మానేయాల్సి వస్తుందని తెలుసు నాకు. తెలిసీ... నువ్వు సర్దుకుంటావులే అనుకున్నాను. ఎప్పుడూ సర్దుకుంటావుగా."

చెప్పిన తీరుకి గుండె కరిగింది. కానీ కరిగిపోవడమే కదా ఇన్నాళ్ళ నా పని. గట్టిగా కూర్చున్నాను.

"నీకేం కావాలో చెప్పు. లాట్ వదిలేయమంటే వదిలేస్తాను. ట్రాన్స్‌ఫర్ కూడా. శుక్రవారం సాయంత్రం ఐదులోపు వాళ్ళకి చెప్పాలి."

నాకేం కావాలని పదిహేనేళ్ళలో మొదటిసారి అడిగారు. మీరు బాగా ఆలస్యం చేశారు అందామనుకున్నాను. ఇష్టం ఈ మనిషంటే. అది కూడా అడ్డమే.

మార్చి 20

ల్యాబ్‌లో అందరి మధ్యా ఉండి ఎవరికీ చెప్పలేదు. సియాటిల్ వైపు మందుల ల్యాబ్‌లేమైనా ఉన్నాయా అని వెతికాను. ఉన్నాయి. ఒక ప్రకటన మూడుసార్లు చదివాను. ఈయనకి చెప్పలేదు. చెప్తే ఎగిరి గంతేస్తారు, అంతా సర్దుబాటైపోయిందనుకుంటారు.

సహస్రని అడిగాను, నీకెక్కడ ఇష్టమే అని. "ఫ్రెండ్స్ ఇక్కడున్నారు. కానీ మౌంటెన్... ఐ డోంట్ నో అమ్మా." ఎంత హాయిగా అనేసింది, తెలీదని.

మార్చి 21, శుక్రవారం

సాయంత్రం నాలుగున్నర. ఈయన త్వరగా వచ్చేశారు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు, ఫోన్ బోర్లా పెట్టి. ఏం రాస్తున్నావని అడగలేదు. లాప్‌టాప్ తేలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చెవులు మాత్రం ఇటే.

వెళ్దాం అని నోటిదాకా వచ్చింది, రెండుసార్లు. రెండుసార్లూ ఆపాను. ఆ మాట నాదో, నా అలవాటుదో ముందు తేలాలి.

"టైముంది, తొందరేం లేదు" అన్నారు. ఉన్నది అరగంట.