సిరి ఆగింది

బుధవారం

ఇవాళ రాయకుండానే పడుకుందామనుకున్నాను. కానీ రాసి పెట్టకపోతే రేపు నేనే నమ్మను.

మూడు వారాలుగా తెమ్మనడానికి నేను వలకి కట్టే బెండు విసరడమే ఆలస్యం, నా లాబ్రడార్ సిరి మాట కోసం ఆగకుండా సముద్రంలోకి దూకేస్తోంది. మొన్న ఆదివారం నూకరాజు బావ వేసిన వల మీదికే దూకి చింపేసింది. "ఇంకోపాలి ఇలాగైతే దీన్ని ఒడ్డుకి తేకు బావా," అనేశాడు. నీళ్లు లేకపోతే అది బెంగపెట్టుకుంటుంది.

ఇవాళ కూడా అలాగే దూకితే బావే నిలబడి చూసి నవ్వాడు. "కుక్కదేటి తప్పు? నువ్వు సెప్పకముందే నీ భుజం ముందుకెల్తంది. అది దాన్నే సూత్తంది."

నాది పోర్టులో ముప్పై ఏళ్లు క్రేన్లకు చేతిసైగలిచ్చిన ఒళ్లు కదా! ఒక ఆపరేటరైతే నేను తుమ్మినా బరువు దించేసేవాడు. అది వేరే కథ.

చేతులు వెనక్కి కట్టుకుని గుంజలా నిలబడ్డాను. బావ బెండు విసిరాడు. సిరి వణికింది, కదల్లేదు. పది లెక్కపెట్టి "తే" అన్నాకే దూకింది. రేపు వలలో చేపలు ఎగురుతుంటే కూడా ఇలాగే ఆగుతుందా అన్నది చూడాలి.

"పొద్దున్నే వల ఏత్తన్నాం, తీసుకొచ్చెయ్," అన్నాడు బావ.

ఇంటికొచ్చాక సిరి తడి ఒంటితోనే నా చాప మీద పడుకుంది.