పెంటమ్మ అనే నౌక

అమ్మా,

ఎట్లా ఉన్నావు? వచ్చే అమావాస్యకు నువ్వు వెళ్లిపోయి ఏడాది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నాన్న వంట నేర్చుకున్నాడు, పప్పులో ఉప్పు మాత్రం ఇప్పటికీ దేవుడి మీద భారం వేసి వేస్తాడు. నాన్న ఫ్యాక్టరీ క్వార్టర్స్ వెనక నీ కరివేపాకు చెట్టు బతికే ఉంది. పక్కింటివాళ్లు అడగకుండా కోసుకుపోతున్నారు, నువ్వున్నప్పటిలాగే.

ఈ ఉత్తరం ఎందుకంటే, నేనొక గొడవ పెట్టుకున్నాను. ఒకటి కాదు, రెండు. రెండూ నీ పేరు మీదే. నీకు చెప్పకపోతే ఎట్లా?

నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే నువ్వు అనేదానివి, "పొద్దంతా ఆ డబ్బల ఏం దేవులాడుతున్నవే?" అని. ఈసారి దేవులాడింది పేర్లమ్మా. బెంగళూరులో ఫోన్ ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ నాకు పని ఇచ్చింది. ఆ ఆటలో అంతరిక్ష నౌకలుంటాయి. మన దగ్గర లారీలు వడ్లు మోసినట్టు అవి ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి సరుకు మోస్తాయి. దారిలో ఉల్కలు తగిలితే పేలిపోతాయి. పేలిన ప్రతిసారీ ఆడేవాళ్లకు కొత్త నౌక, దానికో కొత్త పేరు. వేల నౌకలకు కూర్చుని పేర్లు ఎవరు పెడతారు? కంప్యూటరే పెట్టాలి. అలా పెట్టే ప్రోగ్రాం రాయడం నా పని.

పెద్ద కష్టమేం కాదు. రెండు జాబితాలు. ఒకదాంట్లో వజ్ర, అగ్ని, నీల, అజేయ... రెండోదాంట్లో గరుడ, ఖడ్గం, తార, రథం. కంప్యూటర్ కళ్లు మూసుకుని ఇందులోంచి ఒకటి, అందులోంచి ఒకటి తీసి అతికిస్తుంది. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.

ఎట్లా ఉందో చూద్దామని నేనే ఆడాను. అజేయతార మూడో నిమిషంలో పేలిపోయింది. అజేయ అట! తర్వాత నీలఖడ్గం పోయింది. ఆ తర్వాత అగ్నిరథం. నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయాను... మూడు పోయాక నాలుగోదానికి ఎలాంటి పేరు పెట్టాలో మన ఇంట్లో తెలియనిది ఎవరికి?

నీకు ముందు అవ్వకు ముగ్గురు పుట్టి, ముగ్గురూ నెల తిరక్కుండానే పోయారు. నువ్వు పుట్టగానే నిన్ను చాటలో పెట్టి ఇంటి వెనక పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పక్కింటామె ఎత్తుకుపోతే, అవ్వ చాటెడు తవుడు ఇచ్చి నిన్ను కొని తెచ్చుకుంది. పెంటమ్మ అని పేరు పెట్టింది. ఈ కథ నువ్వు ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెప్పావు. "పెంట మీద పడున్నదాన్ని ఎవడు ఎత్కపోతడే? సావు గూడ ముక్కు మూస్కొని పక్కపొంటి ఎల్లిపోయింది."

సరే, అదే రాశాను. ఎవరికైనా వరుసగా మూడు నౌకలు పోతే, నాలుగోదానికి నా ప్రోగ్రాం వజ్రాల జోలికి పోదు. చావు కూడా ముట్టని పేర్ల జాబితా తెరుస్తుంది. పెంటయ్య, తిప్పన్న, తిప్పమ్మ, ఫకీరప్ప, తవిటయ్య... తవిటయ్యను మన ఎదురింటాయన ఇచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన వాళ్ల తాత పేరట.

మనకు పెంటయ్య ఉండగా ఇక్కడి కన్నడవాళ్లకు తిప్పన్న ఎందుకని చిన్నప్పుడు అడిగాను, గుర్తుందా? పెంటకుప్పనే కన్నడంలో తిప్పె అంటారని చెప్పి, "కన్నడపోళ్ల సావుకు కన్నడంల చెప్పాలె గదనే, తెలుగుల చెప్తె దానికి సమజైతదా?" అన్నావు. ఆ మాట ప్రోగ్రాంలో ఆ పేరు పక్కనే రాసిపెట్టాను. కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు. ఎప్పుడైనా తెరిచి చూసే మనుషుల కోసం రాశాను.

జాబితాలో చివరి పేరు నీది.

కంపెనీ అతను చూశాడు. వీడియో కాల్‌లో ముఖం చిట్లించి పాఠం చెప్పాడు. పేరు చీటీ తీసినట్టు రావాలట, ముందు ఏం జరిగిందో దానికి గుర్తుండకూడదట, నా ప్రోగ్రాం మాత్రం పోయినవాటిని మనసులో పెట్టుకుంటోందట. ఇంతకీ పెంట అంటే ఏమిటని అడిగాడు. చెప్పాను. కిసుక్కున నవ్వాడు. ఆడేవాళ్లు కూడా ఇలాగే నవ్వుతారు, తీసేయమన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నవ్వితే ఏం? ఆ పేరు చేసే పనే అది కదా! "నవ్వితె నవ్వనియ్యి. నవ్వెటోడు ఎత్కపోడు." నువ్వు నాకు ఎన్నిసార్లు చెప్పలేదు? ఉన్నదున్నట్టు నీ మాటల్లోనే అతనికి చెప్పాను. మూడు పోగొట్టుకున్న మనిషికి గుర్తుంటుంది, నా ప్రోగ్రాంకూ గుర్తుంటుంది, ఆ జాబితా తీసేస్తే ఈ పని నాది కాదన్నాను.

పని పోయిందమ్మా. పోనీ. నౌకలూ ఉల్కలూ నేనే గీసుకుని, చిన్న ఆట కట్టి, నా సొంత పేజీలో పెట్టేశాను. ఎవరైనా ఆడుకోవచ్చు. ఎవరికైనా మూడు పోతే పెంటమ్మ రావచ్చు.

అంత పౌరుషం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలుసు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తోటివాళ్లు నవ్వుతారని నాన్న కాగితాల్లో నిన్ను పద్మావతిని చేశాడు. నేనేం తక్కువ తిన్నానా? బడిలో తల్లిపేరు అడిగితే నీ పక్కనే నిలబడి పద్మావతి అని గట్టిగా చెప్పాను. నువ్వు విన్నావు. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదమ్మా?

పోయినేడు రాయచూరు ఆసుపత్రిలో బెంచీ మీద కూర్చున్నాం. నర్సు తలుపు దగ్గర నిలబడి పద్మావతి అని పిలిచింది. మూడుసార్లు పిలిచింది. నువ్వు తల తిప్పలేదు. ఇంకెవరినో అనుకున్నావు. నేనే నీ భుజం తట్టి, అమ్మా, నిన్నే అన్నాను. నువ్వు లేచి లోపలికి వెళ్లావు.

యాభై ఐదేళ్లు నిన్ను దాచిపెట్టిన పేరు పెంటమ్మ. దాన్ని కొట్టేసి, మంచి పేరు రాయించి, ఇదిగో ఈమే అని చావుకు నేను చూపించానా? ఇలాంటివి నేను నమ్మను. నమ్మకుండా ఉండేలా నువ్వే చదివించావు. జబ్బు పేరు చూసి రాదని నాకు తెలుసు. తెలిసినా ఆ బెంచీ దగ్గరికి వెళ్లి మనసు ఆగిపోతుంది...

ఇక రెండో గొడవ. సంవత్సరీకానికి కార్డు వేయించాలని నాన్న కాగితం రాశాడు. కీర్తిశేషురాలు పద్మావతి అని. చింపేశాను. మళ్లీ రాశాడు. మళ్లీ చింపాను. స్టాఫంతా వస్తారు, చూసి ఏమనుకుంటారని ఆయన. ఏమనుకుంటే నాకేమని నేను. రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాటల్లేవు.

మూడో రోజు ఆదివారం. టిఫిన్ తిని, పని పోగొట్టుకుని మరీ కట్టిన ఆ ఆటేమిటో చూపించమన్నాడు. ముప్పై ఏళ్లు యంత్రాల దగ్గర చేసిన లావు వేళ్లు కదా, మూడు నౌకలు చిటికెలో పేల్చేశాడు. నాలుగోది తిప్పమ్మ. చదివి నా వైపు చూశాడు. మళ్లీ ఆడసాగాడు.

నేను టీ పెట్టి తెచ్చేసరికి ఆయన ఉల్కలను తప్పించుకోవడం లేదమ్మా. ఎదురుగా పోనిస్తున్నాడు. కావాలనే. మూడింటిని పేల్చడం, నాలుగోదాని పేరు చూడడం. ఫకీరప్ప. మళ్లీ మూడు. పెంటయ్య. మళ్లీ మూడు. టీ చల్లారిపోయింది. ఆయన వెతికే పేరు నేను తీసి ఇవ్వగలను, ఒక్క నిమిషం పని. ఇవ్వలేదు. ఆయన్నే వెతుక్కోనిచ్చాను.

ఎన్ని పోగొట్టాడో తెలియదు. చివరికి వచ్చింది. పైకి చదివాడు. పెళ్లైన నాటి నుంచి నిన్ను ఏమే అని తప్ప పిలవని మనిషి నోట నీ పేరు వినడం నాకు అదే మొదటిసారి.

ఆ నౌకను ఆయన బయలుదేరనివ్వలేదు. ఫోన్ అట్లాగే బల్ల మీద పెట్టాడు. ఆ ఆట ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది. నన్ను కూడా ముట్టుకోనివ్వడు.

సాయంత్రం కార్డు కాగితం మళ్లీ రాశాడు. ఈసారి నేను చింపలేదు. ప్రెస్సు ఆయన ఫోన్ చేసి పేరు సరిగ్గానే ఉందా అని అడిగితే, సరిగ్గానే ఉంది, కాస్త పెద్ద అక్షరాల్లో వేయమన్నాడు నాన్న.

నవ్వేవాళ్లు నవ్వుతారు. స్టాఫ్ బస్సులో కార్డు చేతులు మారుతుంది, నాకు తెలుసు. నవ్వనీ. ఇక ఏ కాగితంలోనైనా సరే, తల్లిపేరు అని గడి కనబడితే అందులో ఏం రాస్తానో నీకు మాటిస్తున్నాను.

ఉంటానమ్మా.

పెంటమ్మ కూతురు
మంజుల