హోరు ఎలా ఉందో విని చెప్పమన్నావు

చిరంజీవి పిట్టకు,

అమ్మ ముద్దులు, ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసాగానే ఉన్నాం. నా మోకాలు కూడా కులాసాయే, మెట్లు ఎక్కేటప్పుడు తప్ప. అక్కడ నువ్వు వేళకు తింటూ, తడి జుట్టుతో పడుకోకుండా, క్షేమంగా ఉన్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం నేను సముద్రానికి బయలుదేరే రోజు పొద్దున చేరింది. బస్సులో మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వడిగినవన్నీ వరసగా చెబుతాను. నీ దుప్పటి చిరుగు కుట్టేశాను. పక్కింటి పిల్లి ఈనింది, సంసారమంతా మన మెట్ల కిందే పెట్టింది. సముద్రం హోరు ఎలా ఉందో విని చెప్పమన్నావు, చెబుతాను. ఇక చివర్న రాశావు చూడు: "ఆ రోజు ఫోన్లో అంత పెద్ద సంగతి చెబితే 'మంచిదమ్మా, ఒళ్ళు జాగ్రత్త' అని పెట్టేశావు. ఆ తర్వాత ఫోనే ఎత్తడం లేదు. నా మీద కోపమా? నువ్వు ఔననో కాదనో అనేదాకా నేను అడుగు ముందుకు వెయ్యను." దానికీ జవాబు ఉంది. కానీ నన్ను నా దారిన రానివ్వు, ముందు సముద్రం చూసొద్దాం.

మిల్లులో కొత్త మగ్గాలు బిగించడానికని మా షెడ్డు మూశారు. అటు ఆదివారం, ఇటు ఇంకో సెలవు కలిసొచ్చాయి. ఇన్ని రోజులు ఇంట్లో కూర్చుంటే మొగుళ్ళకు మన విలువ తెలియదని నలుగురం బయలుదేరాం. మా షెడ్డు అజమాయిషీ చూసే మేస్త్రమ్మ, సముద్రానికి కూడా ఈల మెడలో వేసుకునే వచ్చింది. దారం చుట్టిన కండెలా గుండ్రంగా ఉండి ఒక్కచోట నిలవదని మేం కండె అని పిలిచే నా పక్క మగ్గం ఆవిడ. ఇంకొకామె కత్తెర. ఆమె పని దారాలు కత్తిరించడం, నోరు కూడా అదే పని చేస్తుంది.

సముద్రం చూడగానే నేను నోరెళ్ళబెట్టాను. దూరంగా ఆకుపచ్చగా ఉన్న నీళ్ళు దోసిట్లోకి తీసుకుంటే ఏ రంగూ ఉండదేమిటి? కొబ్బరిచెట్లన్నీ నీళ్ళవైపే వంగి ఏం చూస్తున్నాయి? గోరంత పీతలు ఇసుకను ఉండలుగా చుట్టి బొరియ చుట్టూ పేరుస్తున్నాయి. ఎందుకని అడిగితే కత్తెర, "వాటికీ మేస్త్రమ్మ ఉండుంటుంది, ఊరికే కూర్చోనివ్వదు" అంది. అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కాం. అద్దం కింద పసుపు చేపలు నోళ్ళు తెరుస్తూ మూస్తూ తిరుగుతున్నాయి. అచ్చం మా షెడ్డే! నేను పడవలో బోర్లా పడుకుని వాటి మాటలు పట్టుకోవాలని చూశాను, ఒక్కటీ అర్థమైతే ఒట్టు.

మా షెడ్డు మాటలు నీకు తెలుసు కదా. మగ్గాల రొదలో గొంతు చించుకున్నా వినబడదు కాబట్టి మేం గొంతు వాడం. పెదాలు బాగా కదిలిస్తాం, ఎదుటివాళ్ళు చూసి గ్రహిస్తారు. ఇంట్లోనూ నేనలా మాట్లాడితే నువ్వు వెక్కిరించేదానివి. ఆ విద్య సముద్రం దగ్గర భలే పనికొచ్చింది. గాలికి అందరూ చెవుల్లో అరుచుకుంటున్నారు. మేం మాత్రం కండె నడుములోతు నీళ్ళలో, మేస్త్రమ్మ గట్టున, నేను చెట్టు కింద ఉండి హాయిగా కబుర్లు చెప్పుకున్నాం. చారల నిక్కరు వేసుకున్న ఒకాయన గురించి కండె అక్కణ్ణుంచే ఏదో అంది. అదేమిటో రాయను. నేను పగలబడి నవ్వేసరికి పాపం ఆయన తన నిక్కరు సరిచూసుకున్నాడు.

నవ్వుతూనే ఉన్నాను గానీ, పిట్టా, నాకు ఒక సందేహం మొదలైంది. ఇంతమంది ఎందుకు అరుచుకుంటున్నారు? గాలికేనా? కత్తెరను మెల్లగా అడిగాను, "ఏమే, ఈ హోరు నీకు ఎలా ఉంది?" అని. "పెద్ద చీపురుతో ఎవరో వాకిలి ఊడుస్తున్నట్టుంది" అంది. కండెను అడిగితే, "ఊడవడమేంటి? పొద్దున్నే మగ్గాలన్నీ ఒక్కసారి అందుకుంటాయే, అలా ఉంది" అంది. ఒక్క సముద్రం, ఇద్దరికీ రెండు రకాలు! మేస్త్రమ్మను కూడా అడిగాను. ఆమె నా వంకే పరీక్షగా చూసింది.

రెండో రోజు సాయంత్రం మేం దిగిన సత్రం వరండాలో కూర్చుని బొప్పాయి కోసుకుంటుంటే కరెంటు పోయింది. అప్పటికే మబ్బు పట్టి ఉంది, ఒకరి మొహం ఒకరికి ఆనలేదు. వాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారట. నాకు మాత్రం చుట్టూ ఎవరూ లేనట్టు అయిపోయింది. చెయ్యి చాపి కండె భుజం తడిమి చూశాను, ఉంది. ఇంతలో టార్చిలైటు వెలిగింది. మేస్త్రమ్మ దాన్ని నా వైపు తిప్పలేదు, తన మొహం మీదే వేసుకుంది. పెదాలు కదిలాయి.

"ఎన్నాళ్ళ నుంచి?"

ఇదీ సంగతి. ఆ హోరు నాకు వినబడలేదమ్మా. అంత పెద్ద సముద్రం నా కాళ్ళ దగ్గరికి వచ్చి పడుతున్నా ఏదో గుసగుస తప్ప ఇంకేం లేదు. ఇది ఈ మధ్యే ముదిరింది. మిల్లులో పెదాలతోనే పని కాబట్టి ఎవరికీ తెలియలేదు. మీ నాన్నకైతే అసలే తెలియదు. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని మాట్లాడతారు, నేను "ఊఁ" అంటాను, ఆయనకు అది చాలు. నాకు లోపల అనుమానం ఉంది. కానీ పని పోతుందేమోనని భయం, నువ్వన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తావేమోనని ఇంకా భయం.

కండె ఏడ్చింది. కత్తెర మాత్రం ఆ వెలుగులోకి మొహం పెట్టి, "ఇంకా నయం, నేను తిట్టినవన్నీ మిగిలిపోయాయి, మళ్ళీ కొత్తగా తిట్టొచ్చు" అంది. మేస్త్రమ్మ టార్చి తన మొహం మీద నుంచి తియ్యకుండానే, "మన షెడ్డులో ఎవరి చెవులు సరిగ్గా ఉన్నాయిలే! పని సంగతి నాకొదిలెయ్. వచ్చే వారం డాక్టరు దగ్గరికి వస్తున్నావు, అంతే. పిట్టకి చెప్పావా?" అంది. తల అడ్డంగా ఊపాను. "మరి అది ఫోన్ చేస్తే?" అంది. అప్పుడు నీ ఉత్తరం చూపించాను. చదివి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రమ్మ నన్ను తడి ఇసుక మీద బోర్లా పడుకోబెట్టింది. మగ్గం పాడైతే నేను చెవితో కాదు, అరికాలితో కనిపెడతానని ఆమెకు తెలుసు. కెరటం విరిగి పడగానే ఇసుక అదిరి, ఆ అదురు నా రొమ్ములోకి వచ్చింది. తర్వాత ఇంకొకటి. విన్నానని అనలేను గానీ, నాకు తెలిసింది. జనం చూస్తున్నా లేవబుద్ధి కాలేదు. హోరు ఎలా ఉందని అడిగావు కదా. ఎవరో పెద్దమనిషి తలుపు తడుతూ, తెరిచేదాకా పోనన్నట్టుగా ఉంది.

ఒక సీసాడు సముద్రపు నీళ్ళు తెచ్చి పళ్ళెంలో పోసి ఎండబెట్టాను. అడుగున మిగిలిన ఉప్పు ఈ కవరులోనే పొట్లం కట్టి పెట్టాను. నాకిదంతా ఇంకా వింతగానే ఉంది, నువ్వూ నాలుక మీద వేసుకుని చూడు.

ఇక నీ ప్రశ్న. ఆ రోజు నువ్వేం చెప్పావో నాకు తెలియదు పిట్టా. ఏదో చెబుతున్నావని మాత్రం తెలిసింది, చాలాసేపు చెప్పావు. వినబడలేదని ఒప్పుకోలేక నోటికొచ్చింది అనేసి పెట్టేశాను. ఆ తర్వాత ఫోన్ మోగినట్టు వెలిగినప్పుడల్లా దాన్ని చూస్తూ కూర్చున్నాను. నీ మీద కోపం ఎందుకొస్తుందే నాకు? పెళ్ళి సంగతా? ఉద్యోగమా? ఇంకేదైనానా? ఇంటికొచ్చినప్పటి నుంచి నాకు ఇదే ఆలోచన, సముద్రం కూడా నన్ను ఇంత వేధించలేదు.

జవాబుగా ఉత్తరం రాసెయ్యకు. వీడియోలో వద్దు, అందులో నీ చెవీ, గది ఫ్యానూ తప్ప ఏమీ కనబడవు. ఒక్కసారి వీలు చూసుకుని రా. కిటికీ దగ్గర, వెలుతురు నీ మీద పడేలా కూర్చో. పన్ను మీద పన్ను ఉందని బడి రోజుల నుంచి మాట్లాడినా నవ్వినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటావు. మొన్న పంపిన ఫొటోలోనూ అంతే. నా దగ్గర ఆ చెయ్యి తీసెయ్యి తల్లీ. నీ మాట నాకు ఇక అక్కడే ఉంది.

ఏం చెప్పావో తెలియదు గానీ, నేను కాదనలేదు.

ఇట్లు,
కిటికీ దగ్గర కుర్చీ జరిపి పెట్టిన
మీ అమ్మ